తాతముత్తాతల జాడ



పితృతర్పణము చేయునప్పుడు మనము తండ్రిని, తాతను, ముత్తాతను పేరు పెట్టి పిలిచి నీరు విడుతుము. తల్లివైపునను అట్లే మూడు తరములు చెప్పుదుము. ఆ మూడవ పేరుతో మన జ్ఞాపకము కూడ ఆగిపోవును. ముత్తాత తండ్రి పేరేమి, ఆయన ఏ యూరివాడు, ఏ పని చేసి బ్రతికెను, ఎట్లు కాలము చేసెను అని యడిగినచో మనలో పలువురు ఆకాశమువంక చూతురు. ఇది మన యశ్రద్ధ యని నేననను. పిలువవలసిన తరము దాటిన పేరు నోటికి రాకుండుట సహజము. కాని నోటినుండి పోయినంతమాత్రమున ఆ పేరు లోకమునుండి పోయినదా? నేడు మీతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

బందరు పట్టణములో డచ్చివారి సమాధు లున్నవి. ఆ జాతివారు 1605 లో ఈ రేవున వర్తకస్థానము నెలకొల్పిరి. ఇంగ్లీషువారు 1611 లో వచ్చిరి. ఎక్కడనో సముద్రముల కావల పుట్టి ఇక్కడి మన్నులో కలసిన ఆ వర్తకుల పేరులు, వంశచిహ్నములు, మరణించిన తేదీలు రాతిమీద చెక్కబడి నేటికిని కనబడుచున్నవి. వారికి బట్టలు నేసిన సాలెవారి పేరులు, కొయ్యపని చేసిన వడ్రంగుల పేరులు, సరకులు మోసిన కూలివారి పేరులు ఏ రాతిమీదను లేవు. అది చూచి, చరిత్రము గొప్పవారికే కాని మనబోటివారికి లేదని నిట్టూర్చువారు కలరు. ఆ మాట సగమే నిజము. మనవారి పేరులు రాతిమీద లేకపోయినను కాగితముమీద నున్నవి. ఏలయన శిస్తు వసూలు చేయువాడు రైతును మరువడు. అప్పిచ్చినవాడు బాకీదారుని మరువడు. దాయాదితో వ్యాజ్యమాడినవాడు సరిహద్దును మరువడు. అభిమానముచే ఎవ్వరును వ్రాయని పేరులు అవసరముచే వ్రాయబడినవి.

మా ముత్తాతగారి తండ్రి జీవితమును నేను వెదకిన విధమును ఉదాహరణముగా తీసికొని చెప్పెదను. ఆయన ప్రసిద్ధుడు కాడు. బందరుకు సుమారు పదునొకండు కిలోమీటర్ల దూరమున సముద్రతీరమున నున్న మంగినపూడిలో వడ్రంగము చేసికొని బ్రతికిన సామాన్యుడు. ఆయననుగూర్చి మా యింటి పెద్దలు మూడు మాటలు చెప్పుచు వచ్చిరి. మొదటిది, ఆయన గుడివాడవైపునుండి వచ్చి మంగినపూడిలో స్థిరపడెననియు, అందుచేతనే ఆ వైపునున్న యొక యూరి పేరు మా యింటిపేరైన దనియు. రెండవది, ఎవరో రాజుగారు ఆయన పనితనమునకు మెచ్చి మాన్య మిచ్చిరనియు. మూడవది, రక్తాక్షి సంవత్సరపు ఉప్పెనలో ఆయన రాత్రియంతయు తాడిచెట్టును పట్టుకొని ప్రాణము దక్కించుకొని, తరువాత చాలకాలము జీవించెననియు. ఈ మూడింటిని నేను కొట్టివేయలేదు, నమ్మి ఊరకుండనులేదు. పెద్దల మాట త్రోవ చూపును. త్రోవ వెంబడి నడువవలసినది మనమే.

మొట్టమొదట కాలనిర్ణయము కావలెను. మన పూర్వులు సంవత్సరమును పేరుతో చెప్పిరి కాని అంకెతో చెప్పలేదు. ప్రభవాది సంవత్సరములు అరువది; అవి తిరిగి తిరిగి వచ్చుచుండును. రక్తాక్షి యనగా 1804 కావచ్చును, 1864 కావచ్చును, 1924 కావచ్చును, 1984 కూడ కావచ్చును. మా యింటి భోషాణములో ముత్తాతగారి జాతకపత్ర మొకటి యున్నది. అందులో దుందుభి నామ సంవత్సర మని యున్నది. అది 1802 లోనిదా, 1862 లోనిదా, 1922 లోనిదా? మా తాతగారు 1890 ప్రాంతమున జన్మించి రనుటకు వారి బడి కాగిత మున్నది గనుక వారి తండ్రి పుట్టినది 1862 లోనే యని తేలినది.

ఇట్టి బడి కాగితము లేనివారు జాతకచక్రమునే పరీక్షింపవచ్చును. అయితే ఒక మెలకువ యున్నది. శని సుమారు ఇరువది తొమ్మిదిన్నర సంవత్సరములకును, గురుడు పండ్రెండు సంవత్సరములకు కొంచెము తక్కువకాలములోను రాశిచక్రమును చుట్టివత్తురు. కాబట్టి అరువది యేండ్లకు ఇద్దరును ఇంచుమించుగా మొదటి చోటికే చేరుదురు. వారిని చూచి తాతకును మనుమనికిని భేదము తెలియదు. రాహువు అట్లుకాదు. అతని చుట్టు పదునెనిమిదిన్నర యేండ్లు గనుక అరువది యేండ్లకు అతడు వేరొక రాశిలో నుండును. కాబట్టి రాహువు నిలిచిన రాశినిబట్టి ఏ దుందుభియో చెప్పవచ్చును. జ్యోతిషము తెలిసిన పెద్దలు ప్రతి గ్రామమునను ఉన్నారు; వారినడిగి చూడుడు.

సర్కారు లెక్కలలోని కాలమానము వేరు. అది ఫసలీ. ఫసలీ యంకెకు 590 కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. ఆ సంవత్సరము జూలైలో మొదలై మరుసటి సంవత్సరము జూనుతో ముగియును. 1274 వ ఫసలీ యనగా 1864 జూలై మొదలు 1865 జూను వరకు. మేము వెదకవలసిన ఫసలీ అదియే యైనది.

ఏలయన బందరు సీమను ముంచిన పెద్ద ఉప్పెన 1864 సంవత్సరము నవంబరు 1 వ తేదీన వచ్చినది. దీపావళి వెళ్లి రెండుమూడు దినము లైనది. కార్తికమాస మప్పుడే మొదలైనది. గాలివానతో సముద్రము లేచి పట్టణముమీదను చుట్టుప్రక్కల గ్రామములమీదను పడినది. సుమారు 30,000 మంది చనిపోయిరని చెప్పుదురు. ఆ దెబ్బనుండి బందరు రేవు పూర్వవైభవమునకు మరల రాలేదు. ఒడ్డుననే యున్న మంగినపూడివంటి గ్రామముల దుర్దశ చెప్పనక్కరలేదు. ఇంతమంది పోయిరి గదా, వారి పేరుల పట్టిక యెక్కడనైన నున్నదా యని మీ రడుగవచ్చును. జననమరణములను రిజిష్టరు చేయుటకు మద్రాసు రాజధానిలో చట్టము వచ్చినది 1899 లో. జనాభా లెక్కలు ఈ రాజధానిలో క్రమముగా తీయబడినది 1871 లో. అప్పుడుకూడ ఇంటింటికి వ్రాసిన పట్టీలు నిలువ చేయబడలేదు, మొత్తములే మిగిలినవి. కాబట్టి ఆ రెండు తావులలో వెదకిన ప్రయోజనము లేదు. చనిపోయినవారిని చనిపోయినవారి పట్టికలో కాక, బ్రతికియున్నవారి లెక్కలలో వెదకవలెను. ఉప్పెనకు ముందు లెక్కలో నున్న పేరు తరువాతి లెక్కలో నున్నదా, లేదా? లేనిచో దాని స్థానమున ఎవరి పేరు వచ్చినది? ఈ రెండు ప్రశ్నలే తాళపుచెవులు.

ఉప్పెనకు ముందటి లెక్క యొకటి అదృష్టవశమున మనకున్నది. 1858 లో మద్రాసు ప్రభుత్వమువారు ఇనాము కమిషనును ఏర్పరచిరి. గ్రామగ్రామమునను ఎవరికి ఏ మాన్య మున్నది, ఎవరిచ్చిరి, ఎందుల కిచ్చిరి, ఇప్పుడు అనుభవించువారెవరు, వారి వయసెంత, మొదటివానికి వీరేమి కావలెను, వారసులెవరు అని విచారించి పెద్ద రిజిష్టరులలో నమోదు చేసిరి. దేవాలయములకును, బ్రాహ్మణులకునే కాదు; మంగలి, చాకలి, కమ్మరి, వడ్రంగి మొదలగు గ్రామసేవకుల మాన్యములుకూడ అందులో నున్నవి. పేదవాని వయస్సును, వాని తండ్రి పేరును సర్కారువారు ఇంత శ్రద్ధగా వ్రాసిన కాగితము అంతకు ముందు లేదు. ఆ రిజిష్టరు నకలులో మా ముత్తాతగారి తండ్రి కనబడెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లవాడు. ఆయన తండ్రి పేరును, ఒక తమ్ముని పేరును ఉన్నవి. కుమారులు లేరని యున్నది. మా ముత్తాత యింకను పుట్టలేదు గదా. ఇక మాన్యము రాజుగా రిచ్చినది కాదు. గ్రామపు నాగళ్లను, కాడులను, బండ్లను బాగుచేయుటకుగాను పూర్వమునుండి నడచుచున్న వడ్రంగి మాన్యము. ఇచ్చినవారి పేరు లేదు, గ్రామమే యిచ్చినదన్నమాట.

ఈ సంగతి విన్నప్పుడు మా బంధువులలో కొందరికి మనస్సు చివుక్కుమన్నది. రాజుగారు పోయి నాగలి వచ్చినదని వారి విచారము. నాకట్లు తోచలేదు. రాజుగారు ఒక్కనాడు మెచ్చుట గొప్పయా, ఊరివారందరును తరతరములుగా అక్కరపడుట గొప్పయా? మీరే నిర్ణయింపుడు.

ఆ మొదటి సంగతికూడ అక్కడనే చిక్కు విడిపోవ నారంభించినది. ఉప్పెనకు ముందే, తండ్రినాటినుండియే, వారు మంగినపూడివారు. మరి గుడివాడ వైపునుండి వచ్చిన మాట యేమైనది? దానికి జవాబు తరువాతి కాగితములో దొరకినది.

ఉప్పెన తరువాతి గ్రామలెక్కలలో జిరాయితీ భూమికి పట్టాదారుగా ఆయన పేరు లేదు. తమ్ముని పేరును లేదు. ఒక స్త్రీ పేరున్నది. మైనరు కుమారునికి తల్లి, సంరక్షకురాలు అని యున్నది. ఆ కుమారుడే మా ముత్తాత. అప్పటికి రెండేండ్ల పసివాడు. తాడిచెట్టును పట్టుకొని బ్రతికి ముదుసలియై పోయెనని మేము చెప్పుకొనుచున్న పెద్దమనిషి ముప్పదిరెండేండ్లయినను నిండీ నిండకుండ లెక్కలనుండి తొలగిపోయినాడు.

లెక్కలో పేరు లేకుండుట మాత్రమే మరణమునకు సాక్ష్యము కాదు. మనిషి దేశాంతరము పోవచ్చును, భూమి అమ్ముకొనవచ్చును. కాబట్టి ఇంకొక సాక్ష్యము కావలెను. అది దస్తావేజు. దస్తావేజులను రిజిష్టరు చేయు చట్టము 1864 లోనే పుట్టి మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చినది. అనగా ఉప్పెన వెళ్లిన రెండునెలలకే మన దేశమున రిజిష్ట్రేషను మొదలైనదన్నమాట. మా భోషాణము అడుగున నున్న తాకట్టు పత్రము 1866 నాటిది. ఆ తల్లి మూడెకరముల జిరాయితీ భూమిని బందరు వర్తకునికి అరువది రూపాయలకు తాకట్టు పెట్టినది. మాన్యమును తాకట్టు పెట్టలేదు. గ్రామసేవకై యిచ్చిన భూమిని పరాధీనము చేయుటకు వీలులేదు.

పత్రములో రూపాయలకంటె విలువైనది కారణము. భర్త రక్తాక్షి కార్తికమాసపు ఉప్పెనలో మృతినొందెననియు, ఉప్పునీరు నిలిచి రెండు పంటలు చెడి శిస్తు బాకీపడినదనియు, పసివానిని పోషింపవలసియున్నదనియు, ఎడ్ల జత కొనవలసియున్నదనియు అందులో వివరముగా వ్రాయబడియున్నది. ఋణపత్రములో ఇంత కథ ఎందులకని మీకు సందేహము కలుగవచ్చును. అందుకు కారణము ధర్మశాస్త్రము. మైనరు ఆస్తిని సంరక్షకురాలు తాకట్టు పెట్టుటకు తగిన అవసరము చూపవలెను. లేనిచో ఆ బాలుడు పెద్దవాడై వ్యవహారమును కొట్టివేయింపవచ్చును. 1856 లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యములో ప్రీవీ కౌన్సిలువారు ఈ విషయమునే నిర్ణయించిరి. అవసరమున్నదా యని అప్పిచ్చువాడు విచారించుకొనవలె ననిరి. అది మొదలు ధనికులు జాగరూకులై అవసరమును పత్రములో వ్రాయించుకొనుచు వచ్చిరి. తన సొమ్మునకు భయపడిన యొక వర్తకుని జాగ్రత్తవలన, చదువురాని యొక వితంతువు జీవితకథ మాకు మిగిలినది. శిస్తు బాకీ, పిల్లల పోషణ అనునవి వ్రాయసకాండ్రకు అలవాటైన మాటలే గనుక ప్రతి యక్షరమును నమ్మరాదు. కాని ఉప్పెనయు, భర్త మరణమును అలవాటు మాటలు కావు.

క్రింద ఆమె నిశాని యున్నది. చేవ్రాలు రాదు, ఒక గీత. ప్రక్కన సాక్షిగా ఆమె యన్నగారి చేవ్రాలు, ఆయన యూరి పేరు. అది గుడివాడవైపు యూరు. ఏ యూరి పేరు మా యింటిపేరో, ఆ యూరే. ఇప్పుడు సంగతి యంతయు తేటపడినది. ఉప్పెన తరువాత ఆమె బిడ్డను చంక నెత్తుకొని పుట్టింటికి చేరినది. పిల్లవాడు మేనమామ యింట పెరిగి ఆయనవద్దనే ఉలి పట్టుట నేర్చుకొనెను. తరువాత తిరిగి మంగినపూడికి వచ్చినప్పుడు ఊరివారు ఆతనిని మేనమామ యూరి పేరుతో పిలిచిరి. ఆ పిలుపే యింటిపేరైనది. మా పెద్దలు చెప్పిన మాట అబద్ధము కాదు. గుడివాడవైపునుండి వచ్చుట నిజమే. అయితే అది రాక కాదు, తిరిగిరాక. వచ్చినది తండ్రి కాదు, కుమారుడు.

ఆ పత్రము వెనుక 1878 నాటి చెల్లు వ్రాసియున్నది. పండ్రెండేండ్లు. పదునారేండ్ల కుమారుడు పనిలోనికి వచ్చువరకు ఆ తల్లి భూమిని వదలలేదు. తాడిచెట్టు కథ నేను కాదనను. ఆ రాత్రి ఆ యింటివారిలో ఎవరో ఒకరు ఏదో ఒక చెట్టును పట్టుకొని బ్రతికియే యుందురు. లేనిచో నేనిక్కడ మాటాడుట లేదు. ఆ చేతు లెవరివో కాగితము చెప్పలేదు గనుక నేనును చెప్పను. కాని మా యింట తరమునకొక యాడపిల్లకు ఒకే పేరు పెట్టుచు వచ్చితిమి. ఎందులకో ఎవ్వరును ఎరుగరు. ఆ పేరే పత్రములో నిశానికి ఎదురుగా నున్నది. కథలో పురుషుని నిలిపి, పేరులో మాత్రము ఆమెను దాచుకొంటిమి.

శ్రోతలారా, ఇది ఒక యింటి సంగతి. మీలో ప్రతివారును ఇట్లు వెదకుటకు సాధనములున్నవి. సబురిజిష్ట్రారు కచేరీలో స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకములో నుండును. వానికి పేరులవారిగా ఒక సూచికయు, ఆస్తులవారిగా ఒక సూచికయు ఉండును. పేరు తెలియనివారు భూమి సరిహద్దులను బట్టి వెదకవచ్చును. తూర్పు ఫలానివాని భూమి, దక్షిణము ఫలానివాని భూమి యని వ్రాసిన నాలుగు పంక్తులలో దాయాదులు, బంధువులు, అల్లుండ్రు దొరకుదురు. అన్నదమ్ముల పంపకములలో చేను చేనును ఆనుకొనియే యుండును గదా. కలెక్టరు కచేరీలోని పాత దఫ్తరములు, హైదరాబాదు తార్నాకలోను, మద్రాసు ఎగ్మూరులోను ఉన్న ప్రభుత్వ దఫ్తరఖానాలు మరికొన్ని తావులు. అయితే జిల్లా పేరులు మారుచు వచ్చిన సంగతి మరువరాదు. మొదట బందరు జిల్లా. 1859 లో గుంటూరుతో కలిసి కృష్ణాజిల్లా. 1904 లో గుంటూరు వేరు. 1925 లో పశ్చిమగోదావరి వేరు. 1985 లో తాలూకాలు పోయి మండలములు. 2022 లో బెజవాడవైపు భాగము ఎన్.టి.ఆర్. జిల్లా. మీ తాతగారి యూరు కదలకున్నను దాని కాగితములు ఇల్లు మారినవి.

జమీందారీ గ్రామములవారికి న్యాయస్థానముల తీర్పులు మంచి యాధారము. దివిసీమలోని దేవరకోట, అనగా చల్లపల్లి జమీందారీని అన్నదమ్ములు పంచుకొనవచ్చునా, కూడదా యను వివాదము ప్రీవీ కౌన్సిలువరకు పోయి 1890 లో తీర్పు పొందినది. అట్టి పెద్ద వ్యాజ్యములలోనే కాదు, మునసబు కోర్టులోని చిన్న వ్యాజ్యములలోకూడ ఉభయపక్షములును వంశవృక్షములు దాఖలు చేయుదురు. తగవులాడుకొన్న తాతలు మనుమలకు మేలు చేసిపోయిరి.

ఇక సముద్రము దాటిపోయినవారి సంగతి. మా ముత్తాతగారి పినతండ్రి పేరు ఉప్పెన తరువాత ఎక్కడను లేదని చెప్పితిని. ఆయన చనిపోయెనో, ఓడ యెక్కెనో తెలియదు. అట్టివారు మన సీమలో చాలమంది కలరు. 1834 మొదలుగా మారిషసునకును, 1860 మొదలుగా నేటాలునకును, 1903 మొదలుగా మద్రాసు రేవునుండి ఫిజీకిని ఒప్పందపు కూలీలుగా మనవారు పోయిరి. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ 1860 నవంబరు 16 న డర్బను చేరినది. అది మొదలు 1911 వరకు నేటాలు చేరిన భారతీయులు ఒక లక్ష ఏబదిరెండువేలు. వీరందరికిని అంకెలు వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, తాలూకా, ఒంటిమీది మచ్చలు సహితము వ్రాసిరి. మారిషసులో మోకా యనుచోట నున్న మహాత్మాగాంధీ సంస్థ ఆ దేశపు పత్రములను భద్రపరచుచున్నది. కొందరి ఛాయాచిత్రములుకూడ అందులో నున్నవి. ఇక్కడ మనకు కనబడకుండపోయిన తాత, అక్కడ ఎవరికో మూలపురుషుడై యుండవచ్చును. వారును మనలను వెదకుచున్నారు. ఓడ జాబితాలో నున్న యూరి పేరు ఇంగ్లీషు అక్షరములలో వికారమై యున్నందున ఏ యూరో తెలియక వారు తికమకపడుచుందురు. అట్టివారు మీ గ్రామమునకు వచ్చి యడిగినచో విసుగుకొనక, కూర్చుండబెట్టి, పెద్దవారిని పిలిపింపుడు.

కాగితము కానివిగూడ కలవు. భట్రాజులును, పిచ్చుకకుంట్లవారును కాపుల గోత్రములను, ఇంటిపేరులను నోటిమీద నిలుపుకొనిరి. కాశీ, గయ, హరిద్వారము మొదలగు క్షేత్రములలోని తీర్థపురోహితుల పుస్తకములలో యాత్ర పోయినవారి పేరులు, ఊళ్లు, వెంట వచ్చిన బంధువులు వ్రాయబడియుందురు. మీ యింటిలో ఎవరైన కాశికి పోయివచ్చిరని వినికిడి యున్నచో ఆ పుస్తకముల నడుగవలెను.

వెదకువారికి రెండుమూడు హెచ్చరికలు. మనలో తాత పేరు మనుమనికి పెట్టుదురు. ఒకే పేరు కనబడినంతమాత్రమున ఒకే మనిషి యనుకొనరాదు. సర్కారు కాగితములలోని వయస్సులు ఉజ్జాయింపు. ఒక్క కాగితమును నమ్మరాదు. ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు కాగితములు ఒకే మాట చెప్పినప్పుడే అది నిలుచును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఏమి దొరకినను సహించు మనస్సు. అప్పులు దొరకును; వ్యాజ్యములు దొరకును; దత్తతలు, ద్వితీయ వివాహములు, చెప్పుకొనని బంధుత్వములు దొరకును. గొప్ప చాటుకొనుటకు వెదకువారు నడుమ ఆగిపోవుట మేలు.

పనికి వ్యవధి తక్కువ. వంశపారంపర్యముగా గ్రామలెక్కలు వ్రాసిన కరణముల యుద్యోగములు 1984 లో రద్దయినవి. 1802 నాటి శాసనముచే విధులు నిర్ణయింపబడిన యుద్యోగ మది. వారి యిండ్లలో మిగిలిన పాతకట్టలను చెదలు తినుచున్నవి. ఏ చేను ఎవరిదో నోటిలెక్కగా చెప్పగలిగిన వృద్ధులు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు.

మరియొక మాట. 1977 నవంబరు 19 న దివిసీమమీద పడిన ఉప్పెనను చూచిన కండ్లు మీలో ఇంకను ఉన్నవి. సుమారు పదివేలమంది ఆ యొక్కరాత్రిలో పోయిరి. వారిలో మీ యింటివారెవరు, ఎవరి పిల్లలను ఎవరు పెంచిరి, ఎవరు ఏ యూరు చేరి ఏ పేరుతో బ్రతికిరి, ఇది మీకు తెలియును; మీ మనుమలకు తెలియదు. నూరేండ్ల తరువాత ఎవడో యొక మనుమడు ఏ తాకట్టు పత్రపు మూలనో మీ నిశాని వెదకుకొనవలసిన యగత్యము లేకుండ మీరిప్పుడే చేయవచ్చును.

చేయవలసిన దింతే. ఒక నోటుపుస్తకము తీసికొని మొదటి పుటలో మీకు తెలిసిన తరము లన్నిటిని వ్రాయుడు. ప్రతి పురుషుని ప్రక్కన ఆయన భార్య పేరును, ఆమె పుట్టినింటి పేరును, ఆ యూరును తప్పక వ్రాయుడు. మనకు తెగిపోయిన దారములలో చాలభాగ మక్కడనే తెగినవి. సంవత్సరము పేరుతోపాటు అంకెయు వేయుడు. విన్నమాటకు ఎదురుగా విన్నదని, చూచినదానికి ఎదురుగా చూచినదని వ్రాయుడు. భోషాణములోని పత్రములకు నకళ్లు తీయించి ఇద్దరు పిల్లల యిండ్లలో ఉంచుడు. ఇది ఒక్క సాయంకాలపు పని. మీకు చేయి వణకినచో బడికి పోవు మనుమరాలిని కూర్చుండబెట్టుకొని చెప్పుడు, ఆమె వ్రాయును. వ్రాయుచు నడుమ నడుమ ప్రశ్న లడుగును. ఆ ప్రశ్నలకుకూడ జవాబులు చెప్పుడు. సెలవు.